విదేశీ యూనివర్సిటీనా, బెంగళూరులోనేనా: అప్పు కాగితం మీద సంతకానికి ముందు చేయాల్సిన లెక్కలు

ఇంజనీరింగ్ మూడో ఏడు దాటిన పిల్లలున్న బెంగళూరు తెలుగిళ్లలో ఒకే చర్చ నడుస్తుంటుంది. ఎంఎస్‌కు పంపుదామా, ఇక్కడే చదివిద్దామా? మారతహళ్లి, మహదేవపుర వైపు ఏ అపార్ట్‌మెంట్ లిఫ్టులో నిలబడ్డా ఈ మాట చెవిన పడుతుంది. చిక్కల్లా ప్రశ్న అడిగే తీరులోనే ఉంది. "అమెరికా మంచిదా, ఇండియా మంచిదా" అంటే ఎవరూ చెప్పలేరు. "ఫలానా కోర్సుకు ఇంత అప్పు చేశాం. రెండేళ్లయ్యాక పిల్లవాడు తిరిగొచ్చి బెంగళూరు జీతం మీదే బతకాల్సి వస్తే ఆ అప్పు తీరుతుందా?" అని అడిగితే మాత్రం జవాబు దొరుకుతుంది. ఒక ఆదివారం కాగితం, కాలిక్యులేటర్ పెట్టుకుని ఇంటిల్లిపాదీ కూర్చుంటే చాలు.

ఇక్కడ రాస్తున్నది ముఖ్యంగా బీటెక్ తర్వాతి చదువు గురించి. ఇంటర్ కాగానే పంపాలనుకునేవారికి, ఎంబీబీఎస్ ఆలోచన ఉన్నవారికి విడిగా నాలుగు మాటలు తర్వాత ఉన్నాయి.

మొదటి అడుగు: రెండు పేర్లు రాయండి

"లోకల్ కాలేజీ" అని అందరినీ ఒకే గాటన కట్టేస్తాం. 1909లో మొదలైన ఐఐఎస్‌సీ లోకలే. ఎలక్ట్రానిక్ సిటీలోని ట్రిపుల్ ఐటీ లోకలే. నిన్నగాక మొన్న రింగ్ రోడ్డు పక్కన లేచిన కాలేజీ కూడా లోకలే. అవతలి వైపూ అంతే. అమెరికాలో ప్రపంచం మొత్తం పేరు తెలిసిన యూనివర్సిటీలున్నాయి, ఆ ఊళ్లోవాళ్లకే సరిగా తెలియనివీ ఉన్నాయి. చాలా ఇళ్లలో జరిగేదేమిటంటే, అక్కడి మొదటి రకాన్ని మనసులో పెట్టుకుని ఇక్కడి చివరి రకంతో పోలుస్తారు. తీరా అడ్మిషన్ మాత్రం అక్కడి చివరి రకంలో వస్తుంది.

అందుకని దేశాల పేర్లు వదిలేయండి. కాగితానికి ఒక పక్కన నిజంగా అడ్మిషన్ వచ్చిన, లేదా వస్తుందని గట్టి నమ్మకమున్న విదేశీ కోర్సు పేరు రాయండి. రెండో పక్కన పిల్లల మార్కులకు, గేట్ స్కోరుకు ఇక్కడ నిజంగా దొరికే సీటు పేరు రాయండి. గేట్ రాయనే లేదంటే ఆ రెండో గడి ఖాళీగా ఉంటుంది. అప్పుడు తీసుకునేది నిర్ణయం కాదు, ఉన్న ఒక్క దారిలో పడి పోవడమే. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, ఐఐఎస్‌సీ, ట్రిపుల్ ఐటీ రెండూ ఎంటెక్‌కు దాన్ని చూస్తాయి. విదేశానికే వెళ్లాలని పట్టుబట్టిన పిల్లల చేత కూడా గేట్ రాయించమనే నేను చెప్తాను.

మూడో గడి కూడా గీయండి, చదువు ఆపి ఉద్యోగంలోనే కొనసాగడం. ఈ గడిని ఎవరూ రాయరు. విదేశీ పరిశోధన కేంద్రాలు గల్లీకొకటి ఉన్న ఈ ఊళ్లో మంచి టీమ్‌లో రెండేళ్ల అనుభవం, మామూలు యూనివర్సిటీ ఎంఎస్ కంటే ఎక్కువ పలికిన సందర్భాలు చాలా ఉన్నాయి.

రెండో అడుగు: ఖర్చంతా ఒకచోట పోయండి

అమెరికా యూనివర్సిటీ పంపే ఐ-20 కాగితంలో ఖర్చు అంకె ఉంటుంది. అది సాధారణంగా మొదటి ఏడాదిదే. రెండేళ్ల కోర్సైతే దాన్ని రెట్టింపు చేసి, ఫీజు పెంపు కింద ఇంకొంచెం కలపండి. దానిపైన సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాల నమోదు) ఫీజు 350 డాలర్లు, వీసా దరఖాస్తు 185 డాలర్లు, టికెట్లు, హెల్త్ ఇన్సూరెన్స్, దిగగానే కట్టే ఇంటి అడ్వాన్సు. వీసా ఇంటర్వ్యూకు చెన్నైకో హైదరాబాద్‌కో వెళ్లి రావడం కూడా ఖర్చే.

మిగతా దేశాల్లో అంకెల పేర్లు మారతాయి. బ్రిటన్‌లో ఫీజు కాక, హెల్త్ సర్‌చార్జ్ అని విద్యార్థికి ఏడాదికి 776 పౌండ్లు వీసాతోపాటే ముందుగా కట్టించుకుంటారు. ఆస్ట్రేలియా స్టూడెంట్ వీసా ఫీజు 2025 జులై నుంచి 2,000 ఆస్ట్రేలియన్ డాలర్లు. వీసా రాకపోయినా అది తిరిగి రాదు. జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీలు చాలావరకు ట్యూషన్ ఫీజు తీసుకోవు కానీ, బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకింత అని మాత్రమే తీసుకోగల ఖాతాలో) ఏడాదికి 11,904 యూరోలు వేసి చూపించాలి. "జర్మనీ ఫ్రీ" అన్న మాట కూడా అంతటా నిజం కాదు. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రం ఐరోపా బయటివారి దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 నుంచి ఫీజు మొదలుపెట్టింది.

ఇక ఎవరూ రాయని ఖర్చు, వదులుకునే జీతం. ఇప్పుడు ఏడాదికి 7 లక్షలొచ్చే ఉద్యోగం మానేసి రెండేళ్లు చదివితే 14 లక్షలు పోయినట్టే. ఇక్కడ ఎంటెక్ చేసినా ఆ జీతం పోతుంది, నిజమే. కాకపోతే చాలా సంస్థల్లో గేట్ స్కోరుతో చేరినవారికి నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ ఉంటుంది. రెండేళ్లకు 2,97,600. ఆ డబ్బు గొప్పదని కాదు, ఒక పక్క నెలనెలా చేతికొస్తుంటే ఇంకో పక్క నెలనెలా వడ్డీ పెరుగుతుంటుంది. ఆ తేడా చూడండి.

పార్ట్‌టైమ్ ఆదాయాన్ని మాత్రం ఈ లెక్కలోకి రానివ్వకండి. అమెరికా స్టూడెంట్ వీసా ఎఫ్1 మీద తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు, అదీ క్యాంపస్ లోపలే పని చేయాలి. ఆ ఉద్యోగాలకు పోటీ బాగా ఉంటుంది. గ్యాస్ స్టేషన్‌లోనో ఇండియన్ స్టోర్‌లోనో క్యాష్ మీద చేసుకోవచ్చులే అని ఏ సీనియరైనా చెప్తే, అది వీసా పోగొట్టుకునే సలహా.

మూడో అడుగు: తిరిగొస్తే ఏమిటన్న లెక్క

అసలు నిర్ణయం ఇక్కడే తేలుతుంది, తీరిగ్గా చేయండి. 40 లక్షల అప్పు, 10.5 శాతం వడ్డీ అనుకుందాం. సెమిస్టర్‌కు 10 లక్షల చొప్పున బ్యాంకు నాలుగు విడతల్లో ఇస్తుంది. చదువు రెండేళ్లు, ఆపై ఆరు నెలలు వాయిదా కట్టక్కర్లేదు. దీన్నే మారటోరియం అంటారు. కట్టక్కర్లేదు అంటే వడ్డీ ఆగిందని కాదు. మొదటి 10 లక్షల మీద 30 నెలలు, రెండో విడత మీద 24, తర్వాత 18, 12 నెలల బారువడ్డీ వేసినా 7 లక్షల 35 వేలు. వాయిదాలు మొదలయ్యే రోజుకు అప్పు 47.35 లక్షలు.

పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 63,900 రూపాయల ఈఎంఐ. పదిహేనేళ్లకు పెంచితే 52,300కు దిగుతుంది కానీ, మొత్తం కట్టేది 94 లక్షలు దాటుతుంది. డాలర్ 90 రూపాయలనుకుంటే 63,900 అంటే 710 డాలర్లు. అమెరికాలో మంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తే ఇబ్బంది లేని మొత్తమే, రెండు మూడేళ్లలో ముందే తీర్చేసినవాళ్లూ ఉన్నారు. మన బంధువుల్లో కనిపించే కథలన్నీ వాళ్లవే. అప్పు తీరనివాళ్లు పెళ్లిళ్లకొచ్చినా ఆ ఊసు ఎత్తరు.

ఇప్పుడు రెండో దృశ్యం. ఉద్యోగం దొరకలేదు, తిరిగొచ్చారు, బెంగళూరులో 12 లక్షల ప్యాకేజీ దొరికింది. పీఎఫ్ అవీ పోను నెలకు చేతికొచ్చేది 85 వేల చుట్టూ. అందులో 63,900 బ్యాంకుకు పోతే మిగిలేది 21 వేలు. పీజీ అద్దె, తిండి, మెట్రో, ఫోను అన్నీ అందులోనే. పదేళ్లపాటు.

నా లెక్కలో, తిరిగొచ్చాక వచ్చే జీతంలో ఈఎంఐ 40 శాతం దాటకూడదు. 85 వేలలో 40 శాతం 34 వేలు. పై వడ్డీకి ప్రతి లక్ష అప్పుకు నెలకు సుమారు 1,600 రూపాయల ఈఎంఐ పడుతుంది. 34 వేలను 1,600తో భాగిస్తే 21 చిల్లర. అంటే ఈ పిల్లవాడికి తట్టుకోగల అప్పు 21 లక్షలు. ఖర్చు 45 లక్షలైతే మిగతా 24 లక్షలు సొంత డబ్బో, స్కాలర్‌షిప్పో అయ్యుండాలి. సొంత డబ్బంటే నాన్న రిటైర్‌మెంట్ పీఎఫ్ కాదు. పోయినా ఇంట్లో ఎవరి బతుకూ తలకిందులు కాని డబ్బు.

ఈ లెక్క పిల్లల ముందే చేయండి, వాళ్ల చేతే చేయించండి. "నాన్నా, అంత అవుతుందా?" అని వాళ్ల నోటి నుంచి రావాలి. అప్పు పెద్దవాళ్ల గుండెల్లో, కల పిల్లల కళ్లల్లో విడివిడిగా ఉండిపోవడమే చాలా ఇళ్లలో సమస్య.

రూపాయి జారుడు కూడా మర్చిపోకండి. 2025 మొదట్లో 86 దగ్గరున్న డాలర్ డిసెంబరుకు 90 దాటింది. 50,000 డాలర్ల ఖర్చు మీద నాలుగు రూపాయల తేడా అంటే 2 లక్షలు. బ్యాంకు మంజూరు చేసేది రూపాయల్లో, యూనివర్సిటీ అడిగేది డాలర్లలో.

ఇంకొక గడి కూడా గీయమంటాను, నవ్వకండి: పెళ్లి సంబంధాలు, చుట్టాల్లో పరువు. ఈ రెండూ మన ఇళ్లలో నిజంగా పనిచేసే కారణాలే, కాబట్టి దాచకుండా రాయండి. రాశాక దాని పక్కన 63,900 అంకె కూడా పెట్టి చూడండి. అబ్బాయికైతే అప్పు చేసి పంపి, అమ్మాయికొచ్చేసరికి "ఆ డబ్బు పెళ్లికి ఉంటుంది" అనే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఈ లెక్కకు అబ్బాయి, అమ్మాయి తేడా తెలియదు.

నాలుగో అడుగు: బ్యాంకు దగ్గరకు ముందే వెళ్లండి

అడ్మిషన్ వచ్చాక చూద్దాంలే అనుకునేవాళ్లు మే నెలలో పరుగులు పెడతారు. ప్రభుత్వ బ్యాంకులు సాధారణంగా ఏడున్నర లక్షలు దాటితే తనఖా అడుగుతాయి. అక్కడే బెంగళూరు తెలుగువారి అసలు టెన్షన్ మొదలవుతుంది. అనంతపురంలోనో నెల్లూరులోనో ఉన్న పొలం పనికిరాదు, వ్యవసాయ భూమిని విద్యా రుణానికి బ్యాంకులు సాధారణంగా తీసుకోవు. సరే, ఇక్కడి సైటు ఉంది కదా అంటే, కాగితాలు తిరగేసిన ఆఫీసరు అడిగే మొదటి మాట, "సార్, ఇది ఎ ఖాతానా, బి ఖాతానా?" బి ఖాతా, అంటే అనుమతులన్నీ సక్రమంగా లేని ఆస్తి అయితే చాలా బ్యాంకుల్లో అక్కడే కథ ముగుస్తుంది. ఎ ఖాతా ఉన్నా ఈసీ, లింక్ డాక్యుమెంట్లు, కట్టిన పన్ను రశీదులు, బ్యాంకు లాయరు రిపోర్టు, వాల్యుయేషన్, ఇవన్నీ అయ్యేసరికి వారాలు గడుస్తాయి. సొంతూరి ఇంటిని తనఖా పెడితే ఆ కాగితాలు అక్కడి లాయరు చూడాలి, ఇంకా ఆలస్యం.

తనఖా లేకుండా ఇచ్చే ఫైనాన్స్ కంపెనీలున్నాయి. పని త్వరగా అవుతుంది, వడ్డీ ఎక్కువ. చదువు నడుస్తుండగానే నెలనెలా కొంత వడ్డీ కట్టమనడం వాటి దగ్గర మామూలే. ఆ నెలవారీ మొత్తం ఎవరి జీతంలోంచి పోతుందో ముందే తేల్చుకోండి. వడ్డీ రేటు మారేదో మారనిదో, ముందే తీర్చేస్తే పెనాల్టీ ఉందో లేదో, అప్పుతోపాటు అంటగట్టే ఇన్సూరెన్స్ ప్రీమియం ఎంతో కూడా అడగండి.

రెండు చిన్న విషయాలు. సొంత డబ్బు విదేశానికి పంపితే ఏడాదికి 10 లక్షలు దాటిన మొత్తంపై బ్యాంకు టీసీఎస్ అనే పన్ను ముందే పట్టుకుంటుంది. బ్యాంకు విద్యా రుణంతో పంపే డబ్బుకు 2025 ఏప్రిల్ నుంచి అది లేదు. పట్టుకున్నది రిటర్న్‌లో సర్దుబాటవుతుంది కానీ, అప్పటిదాకా చేతిలోంచి పోయినట్టే. రుణం వడ్డీపై 8 ఏళ్ల దాకా ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది, అది పాత పన్ను విధానంలో ఉన్నవారికి మాత్రమే.

ఇక్కడి చదువుకు అప్పు చాలా తేలిక. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద, ర్యాంకుల ఆధారంగా ఎంపిక చేసిన దేశీయ సంస్థల్లో సీటొస్తే తనఖా, హామీ లేకుండా రుణం ఇస్తారు. ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపైతే 10 లక్షల దాకా అప్పుపై మారటోరియం కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ కూడా. విదేశీ చదువుకు ఇది వర్తించదు.

విదేశానికి వెళ్లేవారికి వేరే ఆసరాలున్నాయి. తెలంగాణ స్థానికత ఉన్న ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కుటుంబాలకు, ఆదాయ పరిమితికి లోబడి, 20 లక్షల దాకా ఇచ్చే ఓవర్సీస్ విద్యానిధి పథకాలున్నాయి. 1892లో మొదలైన జేఎన్ టాటా ఎండోమెంట్ రుణ స్కాలర్‌షిప్ ఇస్తోంది. ఫుల్‌బ్రైట్ నెహ్రూ (అమెరికా), చీవెనింగ్ (బ్రిటన్), డాడ్ (జర్మనీ) లాంటి స్కాలర్‌షిప్‌లకు ఏడాది ముందే తయారవ్వాలి.

ఐదో అడుగు: డిగ్రీ చేతికొచ్చాక ఎన్నాళ్లు ఉండనిస్తారు?

అమెరికాలో చదువయ్యాక ఓపీటీ, అంటే పని చేసుకునే అనుమతి 12 నెలలు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కోర్సైతే మరో 24, మొత్తం 36. కోర్సు పేరులో డేటా, అనలిటిక్స్ ఉన్నంత మాత్రాన స్టెమ్ అయిపోదు, యూనివర్సిటీని అడిగి రాతపూర్వకంగా తెలుసుకోండి. ఆ తర్వాత ఉద్యోగ వీసా హెచ్1బీ. ఏడాదికి 65,000, అమెరికా మాస్టర్స్ చేసినవారికి అదనంగా 20,000, అంతే. అడిగేవారు అంతకంటే చాలా ఎక్కువ కాబట్టి ఎంపికలో పేరు రావాలి. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటించారు. అక్కడే చదివి ఎఫ్1 నుంచి మారేవారికి అది వర్తించదని మరుసటి నెల వివరణ ఇచ్చారు. ఒక్క నెలలో అంత అటూ ఇటూ అయింది చూడండి. కోర్సు రెండేళ్లు, అప్పు పదేళ్లు, రూల్ ఎప్పుడు మారుతుందో ఎవరి చేతిలోనూ లేదు.

బ్రిటన్‌లో మాస్టర్స్ ఏడాదే కాబట్టి ఖర్చు తక్కువనిపిస్తుంది. చదువయ్యాక ఉండే గ్రాడ్యుయేట్ రూట్ ఇప్పటిదాకా రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి 18 నెలలే, పీహెచ్‌డీకి మూడేళ్లు. ఏడాది కోర్సులో చేరిన రెండో నెల నుంచే ఉద్యోగ వేట మొదలుపెట్టాలన్నమాట. జర్మనీలో 18 నెలలు ఉద్యోగం వెతుక్కోనిస్తారు. అక్కడ జర్మన్ రాకపోతే ఆ 18 నెలలు ఇట్టే కరిగిపోతాయి.

ఆరో అడుగు: కాలేజీని తవ్వి చూడండి

ర్యాంకు లిస్టు పక్కన పెట్టి, లింక్డ్‌ఇన్‌లో ఆ యూనివర్సిటీ, ఆ కోర్సు, రెండేళ్ల కిందట పాసైన ఏడాది పెట్టి వెతకండి. ముప్పై మందిని చూడండి. ఎంతమంది చదువుకు తగ్గ ఉద్యోగంలో ఉన్నారు, ఎంతమంది ఊరూపేరూ లేని కన్సల్టింగ్ కంపెనీల పేర్లు పెట్టుకున్నారు, ఎంతమంది వెనక్కి వచ్చారు. ఇక్కడి కాలేజీకీ ఇదే పరీక్ష పెట్టండి. ప్లేస్‌మెంట్ బ్రోచర్‌లో కనిపించే "హయ్యెస్ట్ ప్యాకేజీ" ఒకరిది. మీకు కావాల్సింది మధ్యలో నిలబడ్డ విద్యార్థి జీతం.

కన్సల్టెన్సీ ఉచితంగా చేస్తోందంటే దాని డబ్బు యూనివర్సిటీ నుంచి కమీషన్‌గా వస్తోందని అర్థం. అది తప్పు కాదు. కాకపోతే వాళ్లు చూపించే లిస్టులో కమీషన్ ఇవ్వని మంచి కాలేజీ ఉండకపోవచ్చు. "మీరు చెప్పిన ఈ ఐదింటిలో ఏవేవి మీకు కమీషన్ ఇస్తాయి?" అని మొహమాటం లేకుండా అడగండి. బ్యాంకు బ్యాలెన్స్ మేం చూపిస్తాం, ఎక్స్‌పీరియన్స్ లెటర్ మేం ఇస్తాం అన్నచోట మాత్రం కుర్చీలోంచి లేచి వచ్చేయండి.

ఎందుకింత చెప్తున్నానంటే, ఈ విషయంలో తెలుగువాళ్లకు తగిలిన దెబ్బలు చిన్నవి కావు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ వీసా మోసం కింద మూతపడితే చిక్కుకున్నవారిలో ఎక్కువమంది మన పిల్లలే. కొందరి కాళ్లకు జాడ తెలిపే పరికరాలు కూడా తొడిగారు. 2019లో మిషిగన్‌లో బయటపడ్డ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే, వీసా మోసాలు పట్టుకోవడానికి అమెరికా అధికారులే పెట్టిన బూటకపు సంస్థ. అందులోనూ తెలుగు పేర్లే ఎక్కువ. కోర్సులో భాగమనే పేరుతో చేరిన మొదటి రోజు నుంచే బయట పని చేసుకోవచ్చు అనే "డే వన్ సీపీటీ" మాట వినగానే ఈ రెండు పేర్లు గుర్తు తెచ్చుకోండి.

ఏడో అడుగు: మధ్యలో ఉన్న దారులు

విదేశీ డిగ్రీ కావాలంటే విదేశానికే వెళ్లాలని లేదు. జార్జియా టెక్ 2014లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ మొత్తం 10,000 డాలర్ల లోపే అయిపోతుంది, ఉద్యోగం మానక్కర్లేదు. సాయంత్రాలు, శనాదివారాలు దానికి రాసిచ్చేయాలి, అంత తేలిక కోర్సు కాదు. ఐఐఎస్‌సీ కూడా ఉద్యోగస్తులకు ఆన్‌లైన్ ఎంటెక్ నడుపుతోంది. బ్రిటన్‌లోని లివర్‌పూల్ యూనివర్సిటీకి బెంగళూరులో క్యాంపస్ పెట్టుకోమని యూజీసీ 2025లో అనుమతి పత్రం ఇచ్చింది. ఇలాంటి కొత్త క్యాంపస్‌ల విషయంలో నా అభిప్రాయం ఒకటే, మొదటి బ్యాచ్ బయటికొచ్చి ఏ ఉద్యోగాల్లో కుదురుకుందో తెలిశాకే పెద్ద ఫీజు కట్టండి.

నాకు అన్నిటికంటే నచ్చే దారి, రెండేళ్లు ఉద్యోగం చేసి వెళ్లడం. అప్పు తగ్గుతుంది. వెనక్కి రావాల్సి వచ్చినా రెజ్యూమె ఖాళీగా ఉండదు. పైగా ఏ సబ్జెక్టు నిజంగా ఇష్టమో అప్పటికి తెలుస్తుంది. పరిశోధనే లక్ష్యమైతే మాత్రం ఈ లెక్కలన్నీ వేరు. విదేశాల్లో పీహెచ్‌డీకి ఫీజు మాఫీ, స్టైపెండ్ ఇచ్చే సీటు దొరికితే రెండో ఆలోచన అక్కర్లేదు, పంపించండి.

ఇంటర్ తర్వాతే, లేదా ఎంబీబీఎస్ కోసం అయితే

అమెరికాలో నాలుగేళ్ల డిగ్రీ కోటి దాటడం మామూలే. అప్పుతో అయితే వద్దనే చెప్తాను, డిగ్రీ ఇక్కడ చేయించి పీజీకి పంపండి. ఇక్కడ సీటు విషయంలో బెంగళూరు తెలుగు పిల్లలు ఒకటి చూసుకోవాలి. కర్ణాటక ప్రవేశ పరీక్ష కేసెట్ ప్రభుత్వ కోటాకు సాధారణంగా కర్ణాటకలో కనీసం ఏడేళ్లు చదివి ఉండాలి. మధ్యలో బదిలీ మీద వచ్చినవారికి అది కుదరకపోవచ్చు, ఇటు సొంత రాష్ట్రంలో లోకల్ హోదా కూడా పోయి ఉండవచ్చు. అలాంటివారికి అన్ని రాష్ట్రాలవారూ రాయగలిగే కామెడ్‌కే (కర్ణాటక ప్రైవేటు కాలేజీల ప్రవేశ పరీక్ష), జేఈఈ మిగులుతాయి. పదో తరగతిలోనే ఇది చూసుకుంటే మంచిది.

విదేశీ ఎంబీబీఎస్‌కు నీట్ తప్పనిసరి. 2021 నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు, ఇంగ్లిష్ మీడియంలో, అదే దేశంలో 12 నెలల ఇంటర్న్‌షిప్‌తో ఉండాలి. వచ్చాక లైసెన్స్ పరీక్ష గట్టెక్కాలి. వీటిలో ఒక్కటి తప్పినా ఇక్కడ ప్రాక్టీసు ఉండదు.

తేదీలు: రెండు దారులూ ఒకేసారి తెరిచి ఉంచండి

గేట్ దరఖాస్తులు ఆగస్టు, సెప్టెంబరు ప్రాంతంలో, పరీక్ష ఫిబ్రవరిలో, ఫలితం మార్చిలో. అమెరికా ఫాల్ సెమిస్టర్ దరఖాస్తులు చాలావరకు డిసెంబరు, జనవరిలో ముగుస్తాయి, జవాబులు మార్చి, ఏప్రిల్‌లో. అంటే ఏప్రిల్‌కల్లా రెండు గడులూ నిండుతాయి. ఈలోగా జనవరిలోనే ఇంటి కాగితాలు బ్యాంకు లాయరుకు చూపించి ఉంచండి. ఫండింగ్‌తో వచ్చిన ఆఫర్లకు ఏప్రిల్ 15 లోపే తేల్చమని ఒత్తిడి చేయకూడదని అమెరికా గ్రాడ్యుయేట్ స్కూళ్లలో ఒప్పందం ఉంది, దాన్ని వాడుకోండి.

సీటు ఖాయం చేసుకోవడానికి డిపాజిట్ కట్టే ముందు యూనివర్సిటీకి ఒక ఈమెయిల్ పెట్టండి. వీసా రాకపోతే డిపాజిట్‌లో ఎంత తిరిగిస్తారు, అడ్మిషన్‌ను ఏడాది వాయిదా వేసుకోవచ్చా, వేసుకుంటే స్కాలర్‌షిప్ నిలుస్తుందా? ఫోన్‌లో కన్సల్టెన్సీవాళ్లు చెప్పింది లెక్కలోకి రాదు, జవాబు రాతలో ఉండాలి. అది వచ్చేదాకా ఇక్కడి సీటు వదులుకోవద్దు. ఇక్కడ కట్టిన ఫీజులో కొంత పోయినా సరే. వీసా తిరస్కరించిన జులై నెలలో ఏ కౌన్సెలింగూ మళ్లీ మీకోసం తెరవరు.